లో బీపీ గోలీలు ఇంట్లో ఉంటే

 

తీజ్ సభలో ఈ గోలీల ముచ్చట ఏందని అనుకోకండి. మేము మడికొండలో హాస్టల్ నడిపేవాళ్లం, డాక్టర్లం కాదు. అయినా తండాకు పోయొచ్చిన పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు: "మేడం, దాదీకి లో బీపీ అని గోలీలిచ్చిండ్రు. తల మీద చీమలు పాకినట్టుందని బంద్ చేసింది. ఏం చేయాలె?"

కళ్లు తిరిగినంత మాత్రాన లో బీపీ అనుకోవద్దు. మన ఆడపిల్లలకు రక్తం తక్కువైనా తిరుగుతాయి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూపించాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది నిలబడితే వచ్చే లో బీపీ. హై బీపీకి, ప్రోస్టేట్‌కు వాడే గోలీలతో కూడా ఇలా పడిపోవచ్చు. అప్పుడు కొత్త గోలీకి ముందు పాత గోలీలన్నీ డాక్టరుకు చూపించాలి.

ఆ దాదీకి ఇచ్చినది మిడోడ్రిన్. రక్తనాళాలను బిగించే మందు. తల మీద చీమలు పాకినట్టుండటం, దురద, రోమాలు నిక్కబొడుచుకోవడం దీనితో మామూలే, భయం లేదు. భయపడాల్సింది వేరే ఉంది: పడుకుంటే బీపీ బాగా పెరిగిపోతుంది. అందుకే దీన్ని పగటిపూటే వేసుకోవాలి. చివరి గోలీకీ పడకకూ మధ్య కనీసం 4 గంటలుండాలి. మన ఇండ్లల్లో గోలీ అంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకునేదే కదా, ఇక్కడ ఆ అలవాటే ముప్పు. మధ్యాహ్నం గోలీ వేసుకొని మంచం మీద వాలడమూ అంతే. గట్టి తలనొప్పి, చెవుల్లో దడదడ, చూపు మసక, మూత్రం రాకపోవడం కనిపిస్తే కూర్చోబెట్టి, తర్వాతి గోలీ వేయకుండా డాక్టరును అడగాలి. మెడికల్ షాపులో జలుబు గోలీ కొనేముందు కూడా చెప్పాలి. చాలా వాటిలో ఉండే ఫినైలెఫ్రిన్ బీపీని ఇంకా పెంచుతుంది.

ఫ్లూడ్రోకార్టిసోన్ వేరే రకం. ఒంట్లో ఉప్పూ నీళ్లూ నిలబెడుతుంది. కాళ్లు ఉబ్బొచ్చు, పొటాషియం తగ్గి నీరసం, కండరాల పట్లు రావొచ్చు. రక్తపరీక్ష చేయించాలి. అది స్టెరాయిడ్, సొంతంగా ఒక్కసారే మానొద్దు.

ఇక తీజ్ సంగతి. తొమ్మిది రోజులు ఉప్పూ కారం లేని చప్పిడి తిండి తిని, పొద్దంతా ఆడుతారు. లో బీపీ ఉన్న పిల్లకు ఇది కష్టం. బుట్టకు నీళ్లు పోయనీయండి, పాటలు పాడనీయండి, ఉపవాసం మాత్రం వద్దని తండా పెద్దమనుషులకు మీరే చెప్పాలి. చదువుకున్న మీ మాట వింటారు. ఉప్పు మజ్జిగ మంచిదే, కానీ గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.

ఈసారి ఇంటికి పోయినప్పుడు గోలీల షీటు మీది పేరు, ఏ వేళకు వేసుకుంటున్నారో, ఎప్పుడు పడుకుంటున్నారో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఆశా అక్కకో, దవాఖానలో డాక్టరుకో చూపించండి. స్పృహ తప్పి పడిపోతే మాత్రం కాగితం కోసం వెతకకండి, 108కి ఫోన్ చేయండి.