సైరంధ్రీవనమున మన పిల్లలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులను మేము విజ్ఞానయాత్రకై కేరళ రాష్ట్రమున పాలక్కాడు జిల్లాలోని సైలెంట్ వ్యాలీ జాతీయోద్యానమునకు తీసికొనిపోతిమి. ప్రయాణమునకు ముందు ఒక తండ్రిగారు మమ్ము రెండు ప్రశ్నలడిగిరి. అడవిని చూచుటకు రెండు దినముల చదువు పాడుచేయనేల? సామాన్యశాస్త్రమును తెలుగున నేర్చిన పిల్లలకు మునుముందు దారి యేది? ఆ సందేహములు ఆయన యొక్కరివే కావని మేమెరుగుదుము. ఆనాడు తగిన సమాధానము చెప్పలేకపోతిమి. నేడు చెప్పుటకు మీ యనుమతి కోరుచున్నాము.

ముక్కాలి యను గ్రామమువరకు మన బస్సు పోయినది. అక్కడినుండి అటవీశాఖవారు ఏర్పాటు చేసిన జీపులలో 23 కిలోమీటర్లు కొండదారిని పోయి సైరంధ్రి యనుచోటు చేరితిమి. ఆ పేరు వినగానే ఒక బాలిక, “అయ్యగారూ, విరాటుని కొలువులో ద్రౌపది పెట్టుకొన్న పేరు కదండీ!” అనెను. అచ్చట పారు నదికి కుంతి పేరే యున్నదని తెలిసి పిల్లలందరు ఉప్పొంగిపోయిరి. పాండవులు అచ్చట సంచరించిరని ఆ ప్రాంతమువారి నమ్మకము. తిక్కనగారి విరాటపర్వ కథను బడిలో విన్నవారికి ఆ యడవి పరాయిది కాలేదు.

పడమటి కనుమలు హిమాలయములకంటె ప్రాచీనములు. వానియందు పెద్దగా చెక్కుచెదరక మిగిలిన కొద్దిపాటి నిత్యహరితారణ్యములలో ఇది యొకటి. 1984లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన భాగము 89 చదరపు కిలోమీటర్లకు పైబడినది. కావలి గోపురము నెక్కి చూచితిమి. ఎటుచూచినను చెట్ల తలలే. నేల యన్నది కానరాదు. కీచురాళ్ళ రొద లేనందున నిశ్శబ్దపు లోయ యని పేరు వచ్చెనని కొందరందురు గాని, మేము పోయినవేళ అవి అరచుచునే యుండెను!

పిల్లల కోరిక యంతయు సింహవాలన్ అను నల్లకోతిని చూడవలెనని. ముఖము చుట్టు నెరసిన జూలు, తోకచివర కుచ్చు గల ఈ జంతువు పడమటి కనుమలలో తప్ప ప్రపంచమున మరెక్కడను సహజముగా నివసింపదు. మాకు దాని దర్శనము కాలేదు. మా వెంట వచ్చిన మార్గదర్శి, అది కొరికి పడవేసిన వెడిప్లావు కాయల తొక్కలను మాత్రము చూపెను. పిల్లలు చిన్నబోయిరి. అప్పుడాతడు తమిళమున ఇట్లు వివరించెను: ఆ కోతి సాధారణముగా నేలకు దిగదు. కొమ్మనుండి కొమ్మకు పోవుచు అడవి పైకప్పుమీదనే బ్రదుకును. నడుమ చెట్లను నరికినచో ఈ వైపు గుంపునకు ఆ వైపు గుంపునకు రాకపోకలు తెగిపోవును.

ఆ సైరంధ్రి దాపుననే కుంతీనదికి ఆనకట్ట కట్టి విద్యుత్తు నుత్పత్తి చేయు పథకమునకు 1973లో ప్రణాళికాసంఘము సమ్మతించినది. కరెంటు కావలెననుట న్యాయమైన కోరికయే. కాని ఆనకట్ట లేచియున్న యెడల ఆ లోయ నీట మునిగియుండును. సలీం అలీ వంటి శాస్త్రజ్ఞులు వలదనిరి. అయినను సామాన్యునికి ఆ సంగతి తెలిపినదెవరు? కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. 1962లో శాస్త్రవిషయములను మలయాళమున వ్రాయు రచయితలు నెలకొల్పిన సంస్థ యది. మావంటి బడిపంతుళ్ళు అందు పెక్కురు. వానల సంగతి, చెట్ల సంగతి, విద్యుత్తు లెక్కలు, అన్నియు వారు తమ భాషలో జనులకు విప్పి చెప్పిరి. సుగతకుమారి మొదలగు కవులును గొంతు కలిపిరి. తుదకు 1983లో ప్రభుత్వము ఆ పథకమును విరమించినది. 1985లో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ ఉద్యానమును ప్రారంభించిరి.

అయ్యా, ఆ రెండు ప్రశ్నలకును ఇదియే మా సమాధానము. పండితుల నివేదికలలోని శాస్త్రము తల్లిభాషలోనికి దిగివచ్చినపుడు ఒక అడవి నిలిచినది. ఇంగ్లీషు వలదని మేమనము. తమిళమును, ఇంగ్లీషును మన పిల్లలు చక్కగ నేర్వవలసినదే. కాని తన భాషలో అర్థము చేసికొన్నవాడు దానిని ఏ భాషలోనైనను చెప్పగలడు. అర్థముకాక వల్లించినవాడు ఏ భాషలోను చెప్పజాలడు.

ఈ యేడు ఆరవ తరగతిలో చేరినవారు 14 మంది మాత్రమే. మేమెవ్వరిని నిందించుటలేదు. మా మనుమడే ఇంగ్లీషు బడిలో చదువుచున్నాడు. మాతో మూడు ముక్కల తెలుగు మాటాడి పరుగెత్తిపోవును. ఆ కొమ్మల బాట మా యింటనే సన్నగిల్లినది. తాతలనుండి తండ్రులకు, తండ్రులనుండి పిల్లలకు అందవలసిన కొమ్మ ఒక్క తరమున విరిగినచో, ఆవలి తరము దానిని అందుకొనుట యెట్లు?

కనుక మీకొక చిన్న మనవి. నేటి రాత్రి భోజనమువేళ మీ బిడ్డను అడుగుడు: “ఆ కోతి నేలకెందుకు దిగదురా?” అని. తెలుగులో చెప్పనిండు. మాటలకు తడుముకొన్నను అడ్డురాక తుదివరకు వినుడు. మేమును ఇంటికి పోయి మనుమనికి ఆ కథ చెప్పుదుము.