సంపాదక పీఠము నుండి రాజ్యసభకు

నేటి ప్రసంగ విషయము నార్ల వెంకటేశ్వరరావు గారి ప్రజాజీవితము. ఆయన మొదట పత్రికా సంపాదకులు, పిమ్మట రాజ్యసభ సభ్యులు. అయితే సభ్యత్వము లభించినను కలము విడువలేదు. ఈ విషయము గుర్తుంచుకొనుడు.

మదరాసున ఆంధ్రప్రభకు 1942 మొదలు సంపాదకత్వము వహించి, చదువు కొద్దిగా వచ్చిన రైతుకు సైతము సుబోధమగునట్లు వాడుక భాషను చేపట్టి, రాజకీయములలోని కపటమును, సంఘములోని మూఢాచారములను నిర్భయముగ విమర్శించుచు సంపాదకీయములు వ్రాసిన ఆ మహాశయుని 1958లో రాజ్యసభకు ఎన్నుకొనిరి. ఆ సభకు సభ్యులను ఓటర్లు నేరుగా పంపరు. రాష్ట్ర శాసనసభ్యులు ఎన్నుకొందురు. వరుసగా రెండు పర్యాయములు, 1970 వరకు, ఆయన అచ్చట సభ్యులు.

ఆ నడుమనే, 1960లో, విజయవాడ నుండి ఆంధ్రజ్యోతి వెలువడగా దానికి సంపాదకులైరి. అనగా సభలో కూర్చుండిన కాలమందే, ఆ సభను పరిశీలించు పత్రికను నడిపిరి! ఇది స్వతంత్రబుద్ధి లేనివారికి సాధ్యము కాదని నా దృఢాభిప్రాయము.

వేమనను, వీరేశలింగమును గూర్చి గ్రంథములు రచించిన నార్లవారి సొంత గ్రంథాలయము హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు చేరినది. ఆసక్తి గలవారు దర్శింపవచ్చును.