టీకాలు – దేహరక్షణ



శత్రువు కోటను ముట్టడించిన పిదప ఆయుధములు వెదకు రాజు రాజ్యమును నిలుపుకొనజాలడు. అంటువ్యాధుల విషయమునను నీతి యిదియే. రోగము రాకమునుపే దాని జాడను దేహమునకు ఎఱిగించుటయే టీకా చేయు పని.

1796లో ఇంగ్లండు దేశపు వైద్యుడు ఎడ్వర్డు జెన్నరు, గోమశూచి సోకిన యొక పాలు పితుకు యువతి చేతి పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించెను. తరువాత మశూచికపు రసి నెక్కించినను ఆ బాలునకు రోగము రాలేదు. 1802 నాటికి ఆ టీకా బొంబాయి చేరెను. లోకమున మశూచికము రూపుమాసినదని 1980లో ప్రకటింపబడెను.

టీకాలు ముఖ్యముగా నాలుగు తెఱగులు. మొదటిది, బ్రతికియున్న క్రిమినే బలహీనపఱచి యిచ్చునది. తట్టు టీకా, క్షయకు బి.సి.జి., పోలియో చుక్కలు ఇట్టివి. రెండవది, చంపిన క్రిమి. పోలియో సూదిమందు, పిచ్చికుక్క కాటునకు వేయు సూదిమందు ఇట్టివి. మూడవది, క్రిమి గ్రక్కు విషమును నిర్విషముగా మార్చినది; ధనుర్వాతపు టీకా యిట్టిది. నాలుగవది, క్రిమిలోని యొక భాగము మాత్రమే. కాలేయమును చెఱచు హెపటైటిస్ బి టీకా యిట్టిది. దీనిని 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తయారుచేసి తక్కువ వెలకు అందించెను. 2020లో, క్రిమి భాగమును తయారుచేయు విధమును దేహమునకే తెలుపు కరోనా టీకాలును వచ్చినవి.

తెఱగు ఏదైనను ఫలము ఒక్కటే. రక్తమందలి తెల్లకణములు ఆ క్రిమిని గుర్తుపట్టి, దానిని అణచు పదార్థములను పుట్టించును. కొన్ని కణములు ఆ గుర్తును ఏండ్ల తరబడి దాచుకొనును.

టీకా వేసిన రాత్రి బిడ్డకు ఒళ్లు వెచ్చబడగానే కొందఱు తల్లులు రెండవ మోతాదునకు వెనుదీయుదురు. ఒకటి రెండు దినములలో తగ్గు ఆ స్వల్పజ్వరము సాధారణముగా దేహము పాఠము నేర్చుచున్న గుర్తే. జ్వరము హెచ్చినను, తగ్గకున్నను వైద్యునకు చూపవలెను. అంతేగాని తక్కిన మోతాదులు మానరాదు. ఒక్కమారు చదివిన పాఠము నిలువనట్లే, కొన్ని టీకాలు మరల మరల వేసిననే గట్టిగా పనిచేయును.

ధనుర్వాతపు క్రిమి మట్టిలో నుండును. మనిషినుండి మనిషికి అంటదు. కావున పొరుగువాని టీకా తనకు రక్ష కాదు. ఎవరికి వారే వేయించుకొనవలెను. తట్టు అట్లు కాదు. దాని తొలి టీకా సాధారణముగా తొమ్మిది నెలలు నిండిన పిదపనే వేయుదురు. తల్లివలన వచ్చిన రక్షణ తఱిగిపోవు ఆ నడిమికాలమున పసికందునకు కాపు, చుట్టుప్రక్కల పిల్లలు వేయించుకొన్న టీకాయే. తన బిడ్డకు టీకా మానిపించినవాడు పొరుగింటి ఉయ్యాలకు గూడ కీడు తెచ్చినవాడగును.