నీటికాకి తిన్న చేప



చేపల చెరువున్న రైతులు మమ్మల్ని తరుచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యా, ఈ నీటికాకులు పిల్లచేపల్ని మింగేస్తున్నాయి. కాల్చిపారేస్తే పీడ వదలదా?" అని. దానికి జవాబు చెప్పేముందు, పెరూ దేశంలో జరిగిన సంగతి వినండి.

పెరూ దక్షిణ అమెరికాలో పడమటి సముద్రతీరపు దేశం. అక్కడ చల్లని అడుగునీరు పైకి ఉబికి రావడంవల్ల, మన నెత్తళ్ళ జాతి చిన్నచేప లెక్కకు మిక్కిలిగా పెరుగుతుంది. గ్వానే అనే నీటికాకులు గుంపులు గుంపులుగా నీట మునిగి వాటిని పట్టి తింటాయి. తిన్నాక దగ్గరి దీవులమీద వాలి రెట్ట వేస్తాయి. అక్కడ వాన దాదాపు లేదు. అందుచేత ఆ రెట్ట సారం పోకుండా పేరుకుంటుంది. అదే గ్వానో ఎరువు. మన పశువుల ఎరువులో నత్రజని నూటికి ఒక పాలు కూడా ఉండదు. మంచి గ్వానోలో పది పాళ్ళు పైనే ఉంటుంది, భాస్వరం అదనం.

ఈ విలువ పూర్వపు ఇంకా రాజులకు తెలుసును. పక్షులు పిల్లల్ని చేసే కాలంలో దీవిమీద కాలుపెడితే మరణశిక్ష వేసేవారని గార్సిలాసో అనే చరిత్రకారుడు 1609లో వ్రాసినాడు. 1840 తరువాత మాత్రం గ్వానో గుట్టల్ని తవ్వి ఐరోపాకు అమ్ముకున్నారు. గుట్టలు కరిగిపోయినవి. 1909లో ప్రభుత్వం మేలుకొని దీవులకు కాపలా పెట్టింది. వంతులవారీగా ఎరువు తీయించింది. 1950ల మధ్యకు పక్షులు రెండు కోట్లు దాటినాయి.

అంతలో చేపపిండి మరలు వచ్చిపడ్డాయి. సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏళ్ళలో చేప అందక పక్షులు చావడం, తరువాత మళ్ళీ పెరగడం అక్కడ మామూలే. కాని 1965 దెబ్బనుంచి అవి మునుపటిలా కోలుకోలేదు. వాటి వాటా చేప పడవల్లోకి ఎక్కింది మరి! 1970లో పట్టిన చేప సుమారు 1 కోటి 20 లక్షల టన్నులు. 1972లో మళ్ళీ ఎల్ నినో వచ్చింది. 1973లో పట్టుబడి 20 లక్షల టన్నుల దరిదాపుకు పడిపోయింది. పక్షి తగ్గినందువల్ల జాలరికి చేప మిగల్లేదు, ఎరువూ తగ్గిపోయింది. నేడు అక్కడ ఇంతకుమించి పట్టరాదని కొలత పెట్టినారు. పిల్లచేప ఎక్కువగా పడితే ఆ చోట వేట ఆపుతారు.

మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిలపడం కూడా చేప పిల్లల్ని చేసుకోవడానికే. జాలరి సోదరులు ఆ గడువు పాటించాలి. సన్నకన్ను వలలు మానాలి.

ఇక చెరువు మాట. సముద్రపు చేప సముద్రం పెంచింది. చెరువు చేప మీరు డబ్బుపెట్టి పెంచింది. కాపాడుకోవలసిందే. నారు చెరువుమీద వల కప్పండి. పెద్ద చెరువులో బాగా ఎదిగిన పిల్లనే వదలండి. ఉదయం, సాయంత్రం మనిషిని కాపలా ఉంచండి. కాల్చడం, విషం పెట్టడం వద్దు. అది చట్టరీత్యా నేరం కూడాను.

పక్షులు వాలే చెట్లకింది రెట్టను వృథా పోనివ్వకండి. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది. పెంటకుప్పలో కలిపి, బాగా మాగినాక పొలానికి తోలండి. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్ రైతులు తరతరాలుగా నీటిపక్షుల్ని కాపాడుతున్నారు. రెట్ట కలిసిన ఆ చెరువు నీరు పైరుకు బలమని వారికి అనుభవం.

నీటికాకి తిన్న చేపలో కొంత మళ్ళీ మన పొలానికే వస్తుంది. దాన్ని తెచ్చుకోవడం మన చేతిలో ఉన్నది.