ఆలివ్ ఆకు పెద్దపేగు క్యాన్సర్‌ని చంపుతుందా? ల్యాబ్‌లో ఏం జరిగింది, కడుపులో ఏం జరుగుతుంది

ఆలివ్‌లో ఉండే పదార్థం పెద్దపేగు క్యాన్సర్ కణాల్ని చంపేస్తుందట అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అది పూర్తి అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే.

ముందు ల్యాబ్ సంగతి చూద్దాం. ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడేది హెచ్‌టీ-29 అనే కణాలు. 1964లో 44 ఏళ్ల ఒక మహిళ పేగులోని కణితి నుంచి తీసినవి, ఇవాళ్టికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఆలివ్ కాయ తొక్క మీది మైనపు పొరలో మాస్లినిక్ యాసిడ్ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఈ కణాల మీద వేస్తే, లోపల కాస్పేజ్-3 అనే ఎంజైమ్ ఆన్ అయ్యి కణం తనంతట తానే చచ్చిపోయింది. పాడైన కణం ఇలా షట్‌డౌన్ అయిపోవడం మన ఒంట్లో మామూలే. క్యాన్సర్ కణం ఆ స్విచ్‌ని ఎగ్గొట్టి బతుకుతుంది. కాకో-2 అనే ఇంకో రకం పేగు కణాల్లో, హైడ్రాక్సీటైరోసాల్ అనే పదార్థం కణం రెండుగా చీలే ముందే దాన్ని ఆపేసింది. ఇవి నిజమైన ఫలితాలే.

కానీ ప్లేటులో ఉన్న కణాన్ని బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది కదా! నా లాప్‌టాప్‌లో రన్ అయిన కోడ్ ప్రొడక్షన్‌లో రన్ అవ్వాలని రూలేం లేదు. ల్యాబ్‌లో మందుని నేరుగా కణం మీద పోస్తారు. మనం మింగితే పేగు, కాలేయం కలిసి హైడ్రాక్సీటైరోసాల్‌కి సల్ఫేట్, గ్లూకురొనైడ్ తగిలించి మార్చేస్తాయి. అసలు రూపంలో రక్తంలోకి చేరేది చాలా కొంచెం.

ఇక్కడే నాకు భలే ఆసక్తిగా అనిపించిన పాయింట్ ఒకటుంది. పెద్దపేగు సంగతి మిగతా అవయవాల లాంటిది కాదు. చిన్నపేగులో ఇంకకుండా మిగిలినది నేరుగా అక్కడికే వెళ్తుంది, గోడని తాకుతుంది. ఆలివ్ ఆకుకి చేదునిచ్చే ఒలియూరోపీన్‌ని అక్కడి బ్యాక్టీరియా విడగొట్టి హైడ్రాక్సీటైరోసాల్ చేస్తుంది. సైంటిస్టులు ఈ క్యాన్సర్ మీదే ఇంతగా కూర్చోవడానికి అదొక కారణం. అయినా మనుషుల మీద పెద్ద ట్రయల్‌లో నెగ్గి, పెద్దపేగు క్యాన్సర్‌కి మందుగా నిలబడిన ఆలివ్ పదార్థం ఇప్పటికైతే లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో ఒప్పుకున్న మాట కూడా, రోజుకి 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు రక్తంలోని కొవ్వుల్ని ఆక్సీకరణ నుంచి కాపాడతాయి అన్నంత వరకే. అందులో క్యాన్సర్ ఊసే లేదు.

ఒక సిస్టర్ మెయిల్ పెట్టారు. వాళ్ల నాన్నగారికి కీమో నడుస్తోంది, ఆలివ్ ఆకు క్యాప్సూల్స్ తెప్పించమంటారా అని. అమ్మా, ఆంకాలజిస్ట్‌ని అడక్కుండా ఒక్కటి కూడా వద్దు. ఆకు సారం బీపీని, షుగర్‌ని తగ్గించగలదు. నాన్నగారు వాటికి మాత్రలు వేసుకుంటుంటే రెండూ కలిసి మరీ పడిపోవచ్చు. గాఢమైన సారం కీమో మందుతో ఎలా కలుస్తుందో చూసుకోవాల్సింది ఆ డాక్టరే. క్యాప్సూల్ కోసం కీమో ఒక్క సైకిల్ కూడా వాయిదా వెయ్యొద్దు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా. తండ్రికి వచ్చిందంటే పిల్లలకి రిస్క్ మామూలు కన్నా ఎక్కువ, కొలనోస్కోపీ ఎప్పుడు చేయించుకోవాలో అదే డాక్టర్‌ని అడగండి. పాలిప్ దశలో దొరికితే అదే సిట్టింగ్‌లో కత్తిరించి తీసేస్తారు. మలంలో రక్తం కనిపిస్తే పైల్సే అని మీకు మీరే తేల్చేసుకోకండి.

నూనె కొనేవాళ్లకి ఒక్క మాట. లైట్, పోమస్ అని రాసున్న సీసాల్లో, రిఫైన్ చేయడం వల్ల ఈ ఫినాల్స్ చాలావరకు పోతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ అయితే ఒక స్పూన్ పచ్చిగా మింగి చూడండి. గొంతులో చురుక్కుమని దగ్గొస్తే అది ఒలియోకాంథాల్ పని. ఐబుప్రోఫెన్ లాగే వాపుని తగ్గించే గుణం దానికుందని 2005లో గ్యారీ బోషాంప్ బృందం చెప్పింది. కల్తీ అనుకుని పారబోయకండి, ఆ మంట ఉండాల్సిందే.