స్నానాలగదిలో విషవాయువు

కార్తికమాసము సమీపించుచున్నది. భీమేశ్వరుని దర్శనమునకు వచ్చు బంధువులకై ద్రాక్షారామములోను చుట్టుపట్ల గ్రామములలోను ఇండ్లు కడుగుకొనుచున్న యీ దినములలో, వానలకు పట్టిన పాచి యేమి వేసిన వదలునని నన్నడుగు గృహిణులు పెక్కుమంది. వైద్యుడనగు నేను వారికి చెప్పునది ఒక్కటే: యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలుపవలదు.

ఆమ్లమన్నంతనే భయపడ నక్కరలేదు. మన చారులోని చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లము; దేవుని మందిరములోని ఇత్తడి కుందులకు మెఱుగు తెచ్చునదియు ఆ పులుపే. కంసాలి బంగారమును పరీక్షించునది నత్రికామ్లముతో. లారీ బ్యాటరీలోనిది గంధకికామ్లము. వరిచేలకు చల్లు డి.ఏ.పి. ఫాస్ఫారిక్ ఆమ్లము అమ్మోనియాతో కలియగా పుట్టినది. 1947లో తణుకున స్థాపితమైన ఆంధ్ర షుగర్స్ వారి ఉత్పత్తులలో ఒకటియైన ఆస్పిరిన్ సైతము ఆమ్లమే. ఇక స్నానాలగది కడుగుటకు కిరాణాకొట్టులో కొను యాసిడ్ నీరు కలిసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లము, మన జఠరములో అన్నమును అరిగించునదియు అదియే.

ముప్పు ఆ సీసాలో కంటె దాని ప్రక్కనున్న పొట్లములో ఎక్కువగా నున్నది. వరదనీరు చేరిన బావులలో చల్లుటకు పంచాయతీవారిచ్చిన బ్లీచింగ్ పౌడరు మిగిలి యింట నుండును. ఒక్కొక్కటియే యింత శుభ్రము చేయుచుండగా రెండును కలిసిన రెట్టింపు చేయవా యని తోచుట సహజము. కలిసిన తక్షణమే క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికులపై వదలినది ఆ వాయువునే. గాలికంటె రమారమి రెండున్నర రెట్లు బరువైనది గనుక అది నేలనంటి యుండును; గొంతుక్కూర్చుండి గచ్చు రుద్దువారి ముక్కుకు తిన్నగా తగులును. ఊపిరితిత్తుల తడితో కలిసి అచ్చటనే మరల ఆమ్లముగా మారును.

మా వీధిలో ఒక కోడలు, అత్తగారు మెచ్చునట్లు గది కడుగవలెనని, పొడి చల్లి, దానిపై యాసిడ్ పోసి, నీరు వసారాలోనికి చిమ్మకుండ తలుపు వేసికొన్నది. గదికి జానెడు కిటికీ ఒక్కటే. పసుపుపచ్చని పొగ లేచి కన్నులు మండి, దగ్గుచు వెలుపలికి వచ్చి, గ్లాసెడు మజ్జిగ త్రాగి, తగ్గినదనుకొని సాయంకాలము వంట సైతము చేసినది. రాత్రి పడుకొనలేక, దిండు నానుకొని కూర్చుండి, మాట మాటకును ఎగశ్వాస తీయుచుండగా నాయొద్దకు తెచ్చిరి. ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నది. కాకినాడ పంపి ప్రాణవాయువు పెట్టించగా బ్రతికినది. దగ్గు తగ్గిన యా నడిమి గంటలే యెందరినో మోసగించును. అందుచేత మరల చెప్పుచున్నాను, కలుపవలదు. మరుగుదొడ్డికి వాడు సీసాలోని ద్రవములలోను ఆమ్లమున్నది గనుక వానితోను కలుపవలదు.

తక్కినవి త్వరగా చెప్పెదను. యాసిడ్‌లో నీరు పోయక నీటిలోనే యాసిడ్ పోయవలెను. మంచినీళ్ల సీసాలో నింపరాదు. కంటబడినచో ఇరువది నిమిషములు ధారగా నీటితో కడుగవలెను. బిడ్డ మ్రింగినచో వాంతి చేయింపరాదు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

పొరపాటున రెండును కలిసి పొగ లేచినచో, గది బాగుచేయుటకు నిలువక మేడపైకో గాలి వీచు తావునకో పోవుడు. దగ్గు తగ్గినను ఆ రాత్రి వైద్యుని కనిపెట్టుకొనియే యుండుడు. ఆయాసము తోచినచో 108కు ఫోను చేసి, ఏ రెండు వస్తువులు కలిపితిరో ముందుగా చెప్పుడు.