పాటకు లెక్క యెక్కడ?



నా బాల్యమునందు కొవ్వూరు చేరువనున్న మా గ్రామమున గ్రామఫోను పెట్టె యొక్కటే యుండెడిది. కీ యిచ్చి, ముల్లు మార్చి, లక్కతో చేసిన రికార్డు పెట్టినచో ప్రక్కకు మూడేసి నిమిషములు నాటకపద్యములు మ్రోగెడివి. అరుగు నిండ నూర్గురు వినెడివారు. అమ్మకపు లెక్కలో నది యొక్క రికార్డే.

అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక 1940 లో, దుకాణముల నడిగి, మిక్కిలి యమ్ముడుపోయిన రికార్డుల వరుసను ప్రకటింప నారంభించెను. నేడు చేతిఫోనులో నొక్కడే పదిసార్లు విన్నను పదిగా లెక్కకు వచ్చును. కనుక నాటి యంకెను నేటి యంకెతో తూచుట న్యాయము గాదు.

అంకెలకు విలువ లేదనను. 1974 లో బెంగుళూరున వెలసిన లహరి సంస్థ విదేశపు పెద్ద కంపెనీ గాదు. అయినను అది టీ-సిరీస్ తో గలసి వెలువరించిన చిత్రగీతములలోని "నాటు నాటు" 2023 మార్చిలో ఆస్కారు బహుమానము నందెను. చంద్రబోసుగారు వ్రాసిన యా పాటకు బాణీ కట్టిన కీరవాణిగారు మన కొవ్వూరున జన్మించినవారే.

కాని మా మేనమామ కృష్ణవేషము గట్టి రాగము తీసిన, తెల్లవాఱుదాక జనము కదలెడివారు గారు. ఆయన గళము నెవ్వరును రికార్డు చేయలేదు. ఆయనతోనే యది పోయినది. ఏ వరుసలోను ఆయన పేరు లేదు.

పెద్దలారా, మీ యూర పద్యము పాడు ముదుసలి యింక నుండెనేని, మనుమని ఫోను నాతని ముందుంచుడు. లెక్క తరువాత చూచుకొందము.